చెప్పే బరువు

బుల్లి వాళ్లమ్మకు ఉన్న వింత అలవాటు ఒక్కటే. తన బరువెంతో ఎదుటి మనిషికి చెప్పందే ఆవిడకు తోచేది కాదు. అడిగితే చెప్పడంలో విశేషమేముంది, ఆవిడ ఎవరూ అడక్కుండానే చెప్పేది. కొత్తవాళ్లు నమస్కారం పెట్టి తమ పేరు చెప్పుకునే లోపల ఆవిడ తన కిలోలు చెప్పేసేది. తక్కినవాళ్లు తమ బరువును బ్యాంకు లాకరులో నగల్లా దాచుకుంటే, ఆవిడ కరపత్రాల్లా వీధి వీధికీ పంచిపెట్టేది.

అద్దె ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఎవరైనా నీళ్లు ఎన్నింటికి వస్తాయని అడుగుతారు. ఆవిడ వంటగది మధ్యలో నిలబడి, మడమతో నేలను గట్టిగా తట్టి, "నేల గట్టిదేనా అండీ? నేను ఎనభై ఒకటి," అంది.

ఇంటి యజమాని వయసనుకున్నాడు. "అంత ఉన్నట్టు కనిపించరమ్మా," అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆ మాటకు ఆవిడ మురిసిపోయి, మిగతా గదులు చూడకుండానే ఇల్లు ఖాయం చేసేసింది. వానాకాలం వచ్చాక తెలిసింది, చూడకుండా వదిలేసిన గదిలోనే కప్పు కారుతుందని.

లిఫ్టు ఎక్కితే, "నన్ను ఒకటిన్నర మనిషిగా లెక్కేసుకోండి," అని లోపలివాళ్లను హెచ్చరించాకే తలుపు మూయనిచ్చేది. ఫొటో స్టూడియో అతను కాస్త నవ్వమంటే, ముందు బరువు చెప్పి, అతను నవ్వాక తను నవ్వేది. అందుకే ఆవిడ ఫొటోలన్నింటిలోనూ ఎవరినో నవ్వించిన మనిషి మొహం కనిపిస్తుంది.

ఉద్యోగం కూడా ఆవిడకు తగ్గట్టే దొరికింది. బస్‌స్టాండులో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. అక్కడ నేలకు సమంగా బిగించిన పెద్ద ఇనుప కాటా ఉండేది. పగలంతా దానిమీద మూటలు, రేకు డబ్బాలు, చక్రం ఊడిన సైకిళ్లు ఎక్కి దిగేవి. శనివారం సాయంత్రం జనం పల్చబడ్డాక ఆవిడ ఎక్కేది. ముల్లు కౌంటరు లోపలివైపు ఉండేది కాబట్టి, తొంగిచూసిన ఆవిడకు తప్ప ఇంకొకరికి అది కనిపించేది కాదు. అయినా హమాలీలు మోస్తున్న మూటలు దించి మరీ ఎదురుచూసేవారు.

"ఎంతమ్మా ఈ వారం?"

"ఎనభై రెండు. ఒకటి ఎక్కింది."

"పర్లేదమ్మా, కాటా తట్టుకుంటుంది."

ఈ వార్త పట్టుకుని ఆవిడ ఇంటికొచ్చేది. ఇంట్లో దానికోసం ముగ్గురు కాచుకుని ఉండేవారు. నాయనమ్మకు కిలోల లెక్క అంతగా తెలియదు. అంకె పెరిగితే కోడలికి తిండి ఒంటబట్టిందని సంతోషం, తగ్గితే బెంగ. నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. సన్నగా, కాస్త ముందుకు వంగి, ప్రశ్నార్థకం గుర్తులా ఉండేవాడు. బజారులో ఏ దుకాణం బోర్డు మీదైనా దీర్ఘం తప్పిపోతే రోడ్డు దాటి వెళ్లి చెప్పి వచ్చే రకం. ఆయన అంకె విని తలూపి మళ్లీ పేపర్లో తల దూర్చేవాడు.

మూడో మనిషి నాన్న వాళ్లక్క. రెండు వీధుల అవతల ఉండేది, కానీ శనివారం సాయంత్రాలు ఇక్కడే. గాలి గట్టిగా వీస్తే గుమ్మం పట్టుకోవలసినంత సన్నం. "వారానికి అరకిలో తగ్గితే చాలమ్మాయ్, ఏడాదికి ఎంతవుతుందో చూసుకో," అన్నది ఆవిడ సిద్ధాంతం. అలా ఆవిడ అరకిలో అత్తయ్య అయిపోయింది. ఎదురుగా మాత్రం అత్తయ్యే.

ఆ ఇంట్లో వానల గురించిగానీ ఎన్నికల గురించిగానీ గట్టిగా మాట్లాడుకున్న గుర్తు బుల్లికి లేదు. ఏ సంగతి మొదలైనా తిరిగి తిరిగి అమ్మ బరువు దగ్గరికొచ్చి కూర్చునేది. మంచం కోడు విరిగితే బరువు. బస్సు ఆలస్యమైతే, "నేనెక్కానుగా మరి," అని అమ్మే అందించేది.

ఒకసారి అత్తయ్య ఉడకబెట్టిన కూరల పథకం తెచ్చింది. ఉప్పు లేదు, నూనె లేదు, రంగు కూడా లేదు. "నాకొక వంట, మీకొక వంటా? ఉన్నది నలుగురం. అందరం అదే తిందాం," అంది అమ్మ. నెల తిరిగేసరికి నాన్న లాగు నడుం దగ్గర నిలవడం మానేసింది. అచ్చాఫీసువాళ్లు ఆయన్ను పక్కకు పిలిచి ఒంట్లో ఎలా ఉందని అడిగారు. బుల్లి కలలో కూడా బిస్కెట్లు కనిపించాయి. అమ్మ మాత్రం ఒక కిలో పెరిగింది.

అత్తయ్య విచారణ జరిపింది. నాయనమ్మ మధ్యాహ్నం పూట తలుపు దగ్గరగా వేసి కోడలికి బంగాళాదుంపలు వేయించి పెడుతోందని తేలింది.

"పెద్దావిడ ప్రేమగా పెడితే కాదనడం ఏం బాగుంటుంది వదినా," అంది అమ్మ.

"గుప్పెడు ముక్కలే," అంది నాయనమ్మ. "ఆఫీసులో అంతంత మూటలు తూచే పిల్ల. నీరసించి పడిపోతే ఎవరిది పూచీ?"

తరవాత తాడు దూకే పథకం. అది మొదలైన పూటే కిందింట్లో పిల్లలకు టైపు నేర్పే మాస్టారు పైకొచ్చాడు. ఆయన జుట్టు నిండా సున్నం.

"పైన బీరువా ఏమైనా జరుపుతున్నారా అమ్మా?"

"లేదండీ, దూకుతున్నాను. ఎనభై మూడు."

"సార్లా?"

"కిలోలు."

మాస్టారు ఆవిడనూ తాడునూ మార్చి మార్చి చూశాడు. "ఏ వేళకు దూకుతారో చెబితే, పిల్లల్ని ఆ వేళకు ఇళ్లకు పంపేస్తాను," అన్నాడు. ఆ సాయంత్రమే అమ్మ తాడును బట్టలారేసుకునే పనికి బదిలీ చేసింది.

ఇవన్నీ బుల్లి చిన్నప్పటి సంగతులు. బుల్లి అన్నది పుట్టినప్పుడు పిడికెడంత ఉందని పెట్టిన ముద్దుపేరు. పన్నెండో ఏడు వచ్చేసరికి ఆ పిల్ల పేరుకు సరిపోవడం మానేసింది. ఏం తిన్నా తినకపోయినా బుగ్గలు, చేతులు, నడుము దేని దారిన అవి పెరిగాయి. బళ్లో బెంచీ మీద ముగ్గురు కూర్చోవలసిన చోట ఇద్దరే కూర్చోవడం మొదలైంది. ఆ రెండో పిల్ల కూడా కొంచెం అంచుకు జరిగే కూర్చునేది.

ఆ ఏడే అత్తయ్య బుల్లికి నీలం గౌను కొనుక్కొచ్చింది. అందరి ముందూ తొడిగారు. వెనక జిప్పు సగం దాకా వచ్చి ఆగిపోయింది. అత్తయ్య లాగింది, నాయనమ్మ లాగింది, బుల్లి ఊపిరి బిగబట్టింది. జిప్పు కదల్లేదు. బుల్లి నేల వైపు చూస్తూ నిలబడింది.

"పిల్ల కూడా..." అని అత్తయ్య మొదలుపెట్టింది.

"కూడా ఏంటి వదినా, నా సంగతి తేలనేలేదు," అని అమ్మ కుర్చీలోంచి లేచింది. "ఈ వారం ఎంతో తెలుసా? ఎనభై ఆరు."

"ఎనభై ఆరా? మొన్న ఎనభై మూడన్నావు."

"మొన్న మొన్నే, ఇవాళ ఇవాళే."

ఇక అత్తయ్యకు గౌను ఏం గుర్తుంటుంది. కూర్చుని, లేచి, నీళ్లు తాగి, వేళ్లు మడిచి, మరదలు పగలూ రాత్రీ ఏమేం తింటోందో లెక్క తీసింది. బుల్లి మెల్లగా గదిలోకి వెళ్లి గౌను విప్పేసి పాత బట్టలు వేసుకుంది. ఆ నీలం గౌను ఏమైందని మళ్లీ ఎవరూ అడగలేదు.

బుల్లి తన బరువు ఒక్క నాన్నకే చెప్పేది. బస్‌స్టాండులో రంగు దీపాలు తిరిగే తూకం యంత్రం ఉండేది, బిళ్ల వేస్తే చీటీ ఇచ్చేది. ఆదివారాలు ఆ పిల్ల ఎవరూ చూడకుండా దానిమీద ఎక్కి, చీటీ చింపి పారేసి, నాన్న పేపరు చదువుకుంటున్న చోటికి వచ్చి చెవిలో చెప్పేది.

"డెబ్భై రెండు నాన్నా."

"ఊఁ."

"అమ్మెంత?"

"ఎనభై ఆరు అంటోంది కదా."

"అయితే పర్లేదు," అనుకుని బుల్లి ఆడుకోవడానికి వెళ్లిపోయేది. ఇంట్లో లావుపాటి మనిషి ఎవరంటే అమ్మ. ఆ పదవి నిండి ఉన్నంత కాలం రెండో మనిషిని ఎవరూ వెతకరు.

అమ్మ ఆ పదవిని బాగానే నిలబెట్టుకుంది. ఎనభై తొమ్మిది అయింది. తొంభై రెండు అయింది. అత్తయ్య దిగులుతో తనే రెండు కిలోలు తగ్గింది. బుల్లికి పదిహేనేళ్లు వచ్చాక మాత్రం అమ్మ అలవాటు ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. బళ్లో తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ చూపించి కూర్చోమంది.

"ఈ కుర్చీకి ఎంతవరకు ఓపికుందండీ? నేను తొంభై నాలుగు," అంది అమ్మ.

హెడ్‌మిస్ట్రెస్ నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకుంది. కిటికీ బయట నిలబడ్డ పిల్లలంతా నవ్వారు. ఇంటికి వెళ్తూ బుల్లి అమ్మకు నాలుగడుగులు ముందే నడిచింది. మలుపు తిరిగాక అడిగేసింది.

"నీకు సిగ్గనేదే లేదా అమ్మా?"

"ఉండేదే. ఏదో ఒకటి తగ్గాలి కదా అని ముందు దాన్ని వదిలేశాను," అంది అమ్మ.

బుల్లికి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. అమ్మతో వచ్చిన చిక్కే అది, పోట్లాట చివరిదాకా సాగనిచ్చేది కాదు.

అమ్మ తొంభై ఆరు దగ్గర ఆగింది. బుల్లి ఎత్తు పెరిగింది, ఒళ్లు దాని దారిన అది కుదురుకుంది. సన్నబడలేదు, ఆ దిగులూ పడలేదు. మునిసిపల్ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే ఉద్యోగంలో చేరింది. ఆ దృఢమైన భుజాలతో గట్టు మీద నిలబడి ఈల వేస్తే, నీళ్లంటే భయపడే పిల్లలు ఆవిడ చెయ్యి పట్టుకుని దిగేవారు. మునిగిపోయేలా లేని మనిషి అని వాళ్ల నమ్మకం. నాయనమ్మ కాలం చేసింది. అమ్మ రిటైరయింది. అయినా పాలవాడు మారితే కొత్త పాలవాడికి తొంభై ఆరు అని తెలియాల్సిందే.

అప్పుడు అమ్మకు కడుపులో నొప్పి మొదలైంది. పిత్తాశయంలో రాళ్లున్నాయని, చిన్న ఆపరేషన్‌తో తీసేయవచ్చని అన్నారు. ముందురోజే ఆసుపత్రిలో చేర్చారు. సిస్టర్ కాగితాలు పట్టుకుని వచ్చి అడిగింది.

"బరువెంతమ్మా?"

కొత్త మనిషి అడిగాక చెప్పడం అమ్మకు జీవితంలో అదే మొదటిసారి కాబోలు. దిండుకు ఆనుకుని దర్జాగా, "తొంభై ఆరు," అంది.

"ఒకసారి మెషీను మీద నిలబడండి."

"చెప్పానుగా తల్లీ. రాసేసుకో."

"కుదరదమ్మా. మత్తు మందు బరువును బట్టే ఇస్తారు."

అమ్మ మోకాలు నొప్పి అంది. నీరసం అంది. చెప్పులు కనిపించడం లేదంది. బుల్లికి ఆశ్చర్యం వేసింది. కాటా చూస్తే కుర్రపిల్లలా ఎక్కే మనిషి, ఇవాళ మెషీనును చూసి మంచం ఆ చివరికి జరిగిపోతోంది. చివరికి సిస్టరూ బుల్లీ చెరో చెయ్యీ పట్టి నిలబెట్టారు.

మెషీను ఎనభై రెండు చూపించింది.

"మీ మెషీను పస్తులుందేమో చూసుకోండమ్మా," అంది అమ్మ.

సిస్టర్ నవ్వలేదు. దించి మళ్లీ ఎక్కించింది. ఎనభై రెండే. ఆవిడ గబగబా వెళ్లి, మత్తు ఇచ్చే డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ బుల్లిని వరండాలోకి పిలిచింది.

"పద్నాలుగు కిలోలు తగ్గారు. ఎప్పట్నించి తగ్గుతున్నారు?"

"తెలియదండీ. మొన్న కూడా తొంభై ఆరనే చెప్పింది."

"ఇంత బరువు ఊరికే తగ్గదు. రేపు ఆపరేషన్ వద్దు. ముందు పరీక్షలు చేయిద్దాం. లోపల ఇంకేమైనా ఉందేమో చూడాలి."

ఇంకేమైనా అన్న మాట బుల్లిని వదల్లేదు. ఎన్నాళ్లుగానో ఇల్లంతా అమ్మ తగ్గాలనే కోరుకుంది. ఇప్పుడు తగ్గిందంటే ఇలా ఉంది. అత్తయ్యకు ఫోన్ చేసి చెప్పింది. అవతలి నుంచి ఏడుపు వినిపించింది.

"నా నోరే దానికి తగిలింది. అరకిలో అరకిలో అని ప్రాణం తోడేశాను. ఉండు, వస్తున్నాను."

వచ్చింది కూడా. డెబ్భై ఏళ్లు దాటిన అరకిలో అత్తయ్య, రెండు చేతులా రెండు సంచులతో, అందులో కేకులు, జున్ను, నాయనమ్మ పద్ధతిలో వేయించిన బంగాళాదుంపలు. మంచం పక్కన కూలబడి మూత తీసింది.

"తినవే అమ్మాయ్. నా మాట విను. ఎవరేమనుకున్నా సరే, నువ్వు మళ్లీ తొంభై ఆరు అవ్వాలి."

అమ్మ ఆ డబ్బా వైపు చూసింది. వదిన తడి మొహం వైపు చూసింది. గోడకు చేరబడి పెదవి కొరుక్కుంటున్న కూతురి వైపు చూసింది. ఇక తప్పదని, అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మ వైపు తిరిగింది.

"డాక్టర్‌గారూ, నేనేం తగ్గలేదు. ఎప్పుడూ ఎనభై రెండే. మహా అయితే ఒకటి అటూ ఇటూ."

"మరి తొంభై ఆరన్నారు?"

"అది నిజం బరువు కాదండీ. చెప్పే బరువు."

డాక్టరమ్మ ఏం రాసుకోవాలో తోచక కలం పట్టుకుని నిలబడింది. "బరువు తగ్గించి చెప్పేవాళ్లను రోజూ చూస్తాను. పెంచి చెప్పడం ఏమిటమ్మా?"

"అలవాటైపోయిందండీ," అని అమ్మ బంగాళాదుంప ముక్క నోట్లో వేసుకోబోతే సిస్టర్ లాగేసుకుంది. ఆపరేషన్‌ సంగతి తేలేదాకా ఏమీ తినకూడదట.

నాన్న వరండా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పాత రిపోర్టులు కూడా తిరగేసి చూశాక డాక్టరమ్మకు నమ్మకం కుదిరింది, పొద్దున్నే ఆపరేషన్ చేసేస్తామంది. ఆ మాట చెప్పడానికి బుల్లి నాన్న దగ్గరికి వచ్చింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడే గాని ఆశ్చర్యపోలేదు.

"నీకు తెలుసా నాన్నా?"

"తెలుసు."

"ఎందుకలా చెప్పింది?"

నాన్న కళ్లజోడు సర్దుకున్నాడు. "ఆ గౌను పట్టలేదు చూడు, ఆ రోజు నువ్వు భోజనానికి రాలేదు. ఆకలి లేదన్నావు. ముందు అలవాటుకొద్దీ చెప్పుకునేది, సరదాకి. ఆ రోజు నుంచే పెంచడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరికంటే లావు నేనే ఉండాలి, నాకంటే పైన నా పిల్ల ఉండకూడదు అంది. నువ్వు డెబ్భై ఎనిమిది అయితే ఆవిడ ఎనభై తొమ్మిది అయ్యేది. నువ్వు ఎనభై అయిదంటే ఆవిడ తొంభై నాలుగు. నువ్వు తొంభై దాటకుండా ఆగావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి నూట పది చెబుతుండేది."

"నా బరువు అమ్మకెలా తెలుసు? నీ ఒక్కడికే కదా చెప్పేదాన్ని."

"నేనే చెప్పేవాణ్ని."

"నాన్నా."

"మరి ఆవిడ పెంచుకోవాలంటే తెలియాలి కదా," అన్నాడు నాన్న తప్పు చేసినవాడిలా. "నా ఉద్యోగం తప్పులు దిద్దడమే. తెలిసి తెలిసి దిద్దకుండా వదిలేసింది అదొక్కటే," అన్నాడు.

బుల్లికి హెడ్‌మిస్ట్రెస్ గది బయట నవ్విన పిల్లలు గుర్తొచ్చారు. వాళ్లు నవ్వింది అమ్మను చూసి. ఆ రోజు వాళ్లలో ఒక్కరు కూడా తన వైపు చూడలేదు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. మధ్యాహ్నానికి అమ్మను వార్డులోకి తెచ్చారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. కళ్లు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి పడుకుని ఉంది. బుల్లి దుప్పటి సర్ది పక్కన కూర్చుంది. అమ్మకు చాలా మాటలు చెప్పాలని ఉంది.

పక్క మంచానికి కొత్త రోగి వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో, బొద్దుగా, చున్నీ భుజాల చుట్టూ బిగించి కప్పుకుని ఉంది. చుట్టూ అరడజనుమంది బంధువులు. నిన్నటి సిస్టరే మెషీను తోసుకుంటూ వచ్చింది.

"బరువెంతమ్మా?"

బంధువులందరూ ఒక్కసారిగా ఆ పిల్ల వైపు చూశారు. ఆమె తన కాళ్ల వేళ్ల వైపు చూసుకుంది.

"నాది ముందు రాసుకో సిస్టర్," అని ఇటువైపు నుంచి మూలుగు వినిపించింది. అమ్మ కళ్లు తెరవలేదు. "నూట రెండు."

అరడజను తలలూ ఇటు తిరిగాయి. సిస్టర్ కూడా తిరిగింది. నిన్న ఎనభై రెండని తన చేత్తో రాసిన మనిషి. ఆవిడ బుల్లి మొహంలోకి చూసింది.

బుల్లి వంగి అమ్మ దిండు సరిచేసింది.

"నూట అయిదమ్మా," అంది అందరికీ వినబడేలా. "నిన్న చూశాంగా. మత్తులో మూడు మర్చిపోయావు."

"అవునవును, నూట అయిదే," అంది సిస్టర్.

అమ్మ మూసిన కళ్లతోనే నవ్వింది. పక్క మంచం పిల్ల కూడా నవ్వింది. చున్నీ తీసి మంచం మీద పెట్టి, ఎవరి సాయం లేకుండా మెషీను ఎక్కింది.